షిమాంకె గారి ఇంటి పుస్తకం

ఇర్మా చెయ్యాల్సిన పనులు చాలా ఉన్నాయి. బడి వ్యాయామశాల ముందు వరసలో నిలబడి అనుమతి చీటీకి అర్జీ పెట్టాలి. రెండు రోజులాగి మళ్ళీ అదే వరసలో నిలబడి చీటీ తెచ్చుకోవాలి. నాన్నకి అరకిలో కాఫీ పొడి, ఆరు నారింజలు, సైకిల్ ట్యూబు వాల్వుకి రబ్బరు కొనాలి. అమ్మ సమాధి మీద పెట్టడానికి గాలికి ఆరిపోని కొవ్వొత్తి, చుట్టూ గాజు ఉండేది, ఎక్కడున్నా వెతికి తేవాలి. తన బూటు అడుగు ఊడింది కాబట్టి కింది వాటాలో ఉండే ఆవిడ, క్లింపెల్ గారిని, బూట్లు అడగాలి. నాన్న వాళ్ళ గాజు గిన్నె తిరిగి ఇచ్చెయ్యాలి. చీటీలో కూతురు జబీనా పేరు కూడా రాయించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, నాన్న ముందు ఏడవకూడదు.

ఇందులో జబీనా పేరు రాయించడం అయితే అయింది గానీ పనికి రాలేదు. క్రిస్మస్ ముందురోజు ఆ ఏడేళ్ళ పిల్లకి తట్టు పోసింది. మొహమూ వీపూ ఎర్రగా పొక్కి, వెలుతురు చూడలేక దుప్పటి తల మీదకి లాక్కుని పడుకుంది. ఇర్మా ప్రయాణం మానుకుందామనుకుంది. క్లింపెల్ గారే ఒప్పుకోలేదు.

"వెళ్ళమ్మా, నేనున్నాగా. నా ముగ్గురు పిల్లలకీ తట్టు పోసింది. ముగ్గురూ గుండ్రాళ్ళలా ఉన్నారు, నా మాట వినకుండా తిరుగుతున్నారు. కాకపోతే రాత్రి ఏడింటికల్లా వచ్చెయ్. చీకటిపడితే జ్వరం పెరుగుతుంది. అప్పుడు పిల్లకి నేను పనికిరాను, అమ్మే కావాలంటుంది."

ఇర్మా భర్త విడిపోయి వెళ్ళి మూడేళ్ళయింది. పిల్లకి ఉన్నది అమ్మ ఒక్కతే.

ఇర్మాది బెర్లిన్‌లో పడమటి వైపు. వాళ్ళ నాన్న ఎవాల్ట్ ప్రిల్‌విట్జ్ ఇల్లు తూర్పు వైపు. ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి నడిస్తే నలభై నిమిషాలు. రెండో ప్రపంచయుద్ధంలో గెలిచినవాళ్ళు ఊరిని పంచుకున్నారు. పడమర అమెరికా వాళ్ళూ వాళ్ళ జట్టు దేశాలూ, తూర్పు రష్యా వాళ్ళూ. అప్పటి నుంచి ప్రపంచంలో ఆ రెండు పెద్ద దేశాలకీ ఎక్కడ మాటామాటా వచ్చినా బెర్లిన్ వాళ్ళు బంగాళాదుంపలు కొని మూటకట్టుకునేవాళ్ళు. 1961 ఆగస్టులో ఒక శనివారం ఇర్మా నాన్న ఇంట్లో చెర్రీ కేకు తిని, మిగిలింది గిన్నెలో పెట్టించుకుని, "గిన్నె వచ్చేవారం తెస్తాలే" అని వెళ్ళింది. మర్నాడు తెల్లవారేసరికి ఊరి మధ్య ముళ్ళకంచె ఉంది. తర్వాత గోడ లేచింది. వచ్చేవారం రావడానికి ఇరవై ఎనిమిది నెలలు పట్టింది. ఆ మధ్యలో అమ్మ పోయింది. ఇర్మాకి టెలిగ్రాము వచ్చింది, దారి మాత్రం లేదు.

అలాంటిది 1963 డిసెంబరులో రెండు వైపుల వాళ్ళూ ఎలాగో ఒక మాట మీదకి వచ్చారు. పండగ రోజుల్లో పడమటి వాళ్ళు చీటీ తీసుకుని తూర్పున ఉన్న తమ వాళ్ళని ఒక్క పగలు చూసి రావచ్చు. చీటీలు ఇవ్వడానికి తూర్పు నుంచి తపాలా ఉద్యోగులు నీలం దుస్తుల్లో వచ్చి పడమటి బడుల్లో బల్లలేసుకుని కూర్చున్నారు. ఇర్మాకి చీటీ ఇచ్చినాయన అదే మాట మూడుసార్లు చెప్పాడు.

"ఇది రెండు ముక్కలు. లోపలికి వెళ్ళేటప్పుడు ఒక ముక్క వాళ్ళు చింపుకుంటారు. రెండోది మీ దగ్గర ఉంటుంది. బయటికి వచ్చేటప్పుడు అది ఇవ్వాలి. అది లేకపోతే బయటికి రావడం ఉండదు. అర్థమైందా?"

"అయింది."

"అందరూ అయిందనే అంటారు," అన్నాడాయన దిగులుగా.

క్రిస్మస్ రెండోరోజు పొద్దున్న ఇర్మా చెక్‌పోస్టు దగ్గర వరసలో నిలబడింది. వందలమంది. చేతుల్లో సంచులు, పూలు, ఒకాయన చేతిలో అయితే రెక్కలు కట్టేసిన బతికున్న బాతు. ముందు నిలబడ్డ లావుపాటి ఆవిడ వెనక్కి తిరిగి, "మా అక్క ఉత్తరంలో రాసింది, ఏమీ తేవద్దు, అన్నీ దొరుకుతాయి అని. అందుకే రెండు సంచులు తెచ్చాను," అంది. వరసంతా నవ్వింది.

కాపలా పోలీసు చీటీలో ఒక ముక్క చింపుకుని, "పత్రికలు, పుస్తకాలు ఏమన్నా ఉన్నాయా? అవి లోపలికి రానివ్వం," అన్నాడు.

"లేవు," అంది ఇర్మా. అబద్ధమని ఆమెకి తట్టలేదు. క్లింపెల్ గారి బూట్లు ఆమెకి రెండు సైజులు పెద్దవి. వేళ్ళ దగ్గరా, మడమ చుట్టూ పాత వార్తాపత్రిక కూరి తొడుక్కుంది. చదివేది పత్రిక అవుతుంది గానీ తొక్కేది పత్రిక ఎలా అవుతుంది?

నాలుగడుగులు పక్కకి వెళ్ళి ఇర్మా రెండో ముక్కని మడిచి కుడి బూటులో, చీలమండ దగ్గర కాగితం మడతల మధ్య దోపుకుంది. ఇది అమ్మ నేర్పిన అలవాటు. 1945లో ఇర్మాకి పదిహేనేళ్ళు. అమ్మ రేషన్ కార్డుల్నీ గుర్తింపు కాగితాల్నీ సంచిలో పెట్టేది కాదు, చెప్పులో పెట్టేది. "సంచి ఎవడైనా లాక్కుంటాడే. చిరిగిన చెప్పు ఎవడూ అడగడు," అనేది. ఆ రోజుల నుంచి జనం మధ్యకి వెళితే ఇర్మా చెయ్యి దానంతట అదే కాలి దగ్గరికి పోతుంది. నాన్న మాత్రం అప్పుడు ఇంట్లో లేడు. రష్యాలో యుద్ధఖైదీగా ఉండి 1949 చివర్లో తిరిగొచ్చాడు. అప్పటికి అమ్మ కాగితాలన్నీ మళ్ళీ సొరుగులో పెట్టడం మొదలుపెట్టింది.

తలుపు తీసిన నాన్న ఆమెని పైనించి కిందదాకా చూశాడు.

"గిన్నె తెచ్చావా?"

"తెచ్చాను నాన్నా."

"వచ్చేవారం అన్నావు."

"దారిలో కాస్త ఆలస్యమైంది."

ఆయన గిన్నె తీసుకుని కిటికీ దగ్గర పెట్టి, మళ్ళీ తీసి, బల్ల మీద పెట్టి, మళ్ళీ అక్కడి నుంచి తీసి పట్టుకుని నిలబడ్డాడు. చిక్కిపోయాడు. మెడ దగ్గర చొక్కా వదులైపోయింది. ఏడవకూడదన్న పని ఇర్మా వల్ల అక్కడే చెడింది. ఆయన కాఫీ పొట్లం వాసన చూసి, "ఇది కలిపి తెస్తాను, కూర్చో. బూట్లు తర్వాత విప్పుదువు," అని వంటింట్లోకి పోయాడు.

అప్పుడు తలుపు తట్టారు. వంటింట్లోంచి నాన్న చెయ్యి ఒక్కటి వచ్చి గోడవార బల్ల మీదున్న రేడియో ముల్లుని పడమటి స్టేషను నుంచి తూర్పు స్టేషనుకి తిప్పి వెళ్ళింది. పడమటి స్టేషను వింటున్నట్టు తెలిస్తే తూర్పున చిక్కే. అలవాటైన చెయ్యి, కళ్ళతో పనిలేదు.

ఇర్మా తలుపు తీసింది. వచ్చినాయన పొట్టిగా, శుభ్రంగా ఉన్నాడు. కోటు మీద కమ్యూనిస్టు పార్టీ బిళ్ళ, చంకలో నల్ల అట్టల పుస్తకం.

"షిమాంకె. ఇంటి పుస్తకం నా దగ్గర ఉంటుంది," అన్నాడు. ఆ భవనంలో ఎవరుంటున్నారో, ఎవరింటికి ఎవరొచ్చారో రాసే పుస్తకం అది. తూర్పు వైపు ప్రతి భవనంలోనూ ఒకటి ఉంటుంది, రాసే మనిషీ ఒకడుంటాడు.

వంటింట్లోంచి నాన్న, "పూటకి వచ్చిపోయేవాళ్ళని రాయక్కర్లేదన్నారు కదా షిమాంకె గారూ," అన్నాడు.

"రాయక్కర్లేదన్నారు. రాయకూడదని అనలేదు." ఆయన బల్ల మీద పుస్తకం తెరిచి, కలం విదిలించాడు. "పేరు? గుర్తింపు కార్డు? చెక్‌పోస్టుకి వచ్చిన టైము?"

"ఏడు నలభై."

"చీటీ చూపిస్తారా?"

ఇర్మా మొహమాటపడి బూటు వైపు వంగింది. షిమాంకె గారు వెంటనే గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ట్రాములో ముప్పై ఒక్కేళ్ళు కండక్టరుగా చేశానమ్మా. ఆడవాళ్ళు టికెట్ ఎక్కడెక్కడ పెట్టుకుంటారో నాకు తెలుసు. తొందరేమీ లేదు."

చీటీ నంబరు ఏడంకెలూ ఒక్కొక్కటీ పైకి చదువుతూ రాసుకున్నాడు. చీటీ తిరిగిచ్చేసి, సంతకం చేయించుకుని, కాఫీ వాసన పీల్చి, ఆ సంగతి ఎత్తకుండా వెళ్ళిపోయాడు. ఇర్మా చీటీని మళ్ళీ బూటులోనే దోపుకుంది.

నాన్న రెండు కప్పులతో వచ్చి తలుపు వైపు చూశాడు. "ఆ మనిషి దగ్గర మాట జాగ్రత్త. పై అంతస్తు వాళ్ళ పిల్లకి కాలేజీ సీటు రాకపోవడానికి ఈయనే కారణమంటారు."

"ఎవరంటారు?"

"అందరూ."

"ఎవరైనా చూశారా నాన్నా?"

"చూసేలా చేస్తే ఇంక ఆయన గొప్పేముంది."

కాఫీ అయ్యాక ఇద్దరూ శ్మశానానికి వెళ్ళారు. కొవ్వొత్తి వెలిగించారు. నాన్న సమాధి రాయి మీద మంచు చేత్తో తుడిచి, "ఇదిగో వచ్చింది. గిన్నె కూడా తెచ్చింది," అన్నాడు, పక్కింట్లోకి కబురు చెప్పినట్టు. దారంతా సగం కరిగిన మంచు. ఇంటికి చేరేసరికి ఇర్మా బూట్లు రెండూ నానిపోయాయి. విప్పి పొయ్యి పక్కన పెట్టింది. చీటీ మాట గుర్తుంది. భోజనం కాగానే తీసి సంచిలో పెట్టుకుందామనుకుంది.

భోజనం పెద్ద భోజనమే. బాతు మాంసం, ఎర్ర క్యాబేజీ, బంగాళాదుంప ఉండలు. నాన్న నెలరోజుల నుంచి ఏర్పాట్లు చేసినట్టున్నాడు. గోడకి ఆనించి కట్టిన పెద్ద పెంకుల పొయ్యి గదంతా వెచ్చగా చేసింది. సోఫాలో అమ్మ అల్లిన శాలువా ఉంది. ఇర్మా దాన్ని ఒళ్ళోకి తీసుకుని, "ఒక్క అయిదు నిమిషాలు" అంది. పిల్ల జ్వరంతో రెండు రాత్రులు కంటిమీద కునుకు లేదు. ఇరవై ఎనిమిది నెలల బరువు దిగిందేమో, అలా వాలి నిద్రపోయింది.

లేచేసరికి కిటికీలో వెలుతురు పలచబడింది. గడియారంలో మూడున్నర. నాన్న ఎదురుగా కుర్చీలో, పని చక్కబెట్టిన మనిషిలా కూర్చున్నాడు.

"బూట్లు బాగా ఆరాయి. అయితే అమ్మాయ్, నువ్వు చేసిన పని ఏంటి? లోపల కూరిన కాగితం చూశాను. పడమటి పత్రిక. పెద్ద పెద్ద అక్షరాలు, రాకెట్టు బొమ్మ, అమెరికా వాడు అదన్నాడు, రష్యా వాడు ఇదన్నాడు. అది ఈ ఇంట్లో దొరికితే నిన్నడగరు, నన్నడుగుతారు. పొయ్యిలో వేసేశాను. భయపడకు, కాలికి గుచ్చుకోకుండా మన పత్రిక నలిపి పెట్టాను."

ఆ ఇంట్లో అది మామూలే. ఎవరైనా పార్సిల్ పంపితే పైన చుట్టిన పత్రిక ముందు పొయ్యిలోకి పోతుంది, లోపలి సబ్బు తర్వాత బయటికొస్తుంది. నాన్న చదవకుండా కాల్చడు, చదివాక ఉంచడు. ఈసారి తడిసి ముద్దయింది కాబట్టి చదవడం కూడా కుదరలేదు.

ఇర్మా కుడి బూటులో చెయ్యి పెట్టింది. పొడి కాగితం తగిలింది. ఎడమ బూటులో పెట్టింది. మళ్ళీ కుడి బూటులో పెట్టింది.

"నాన్నా. కుడి బూటు కాగితంలో నా చీటీ ఉంది."

"ఏ చీటీ?"

"బయటికి వెళ్ళే చీటీ."

ఆయనకి వెంటనే ఎక్కలేదు. "బూటులోనా? చీటీ బూటులో ఎందుకు పెడతారు?"

"అమ్మ అలాగే పెట్టేది. నువ్వు లేనప్పుడు."

ఆయన లేచి పొయ్యి తలుపు తీశాడు. లోపల ఎర్రటి నిప్పు, పైన నల్లటి పొరలు. ఊదితే పొడైపోయాయి. చీటీ బూడిదా, పత్రిక బూడిదా ఒకే రంగు. ఆయన అలా పొయ్యి ముందు మోకాళ్ళ మీదే ఉండిపోయాడు.

ఏమవుతుందో ఇర్మాకి తెలుసు, వరసలో అందరూ చెప్పుకున్నారు. చీటీ లేకుండా వెళితే పొయ్యిలో కాలిందంటే ఎవడూ నమ్మడు. ఎవరికో ఇచ్చి దాటించావంటారు. కూర్చోబెట్టి అడుగుతారు, రాయించుకుంటారు, రేపు రమ్మంటారు. ఆ రేపు ఎన్ని రోజులో ఎవరూ చెప్పరు. అసలు పంపుతారనీ లేదు. అక్కడ గోడకి అవతల చీకటి గదిలో జబీనా దుప్పటి కిందనుంచి అమ్మ వచ్చిందా అని అడుగుతూ ఉంటుంది.

"నేనొస్తాను," అన్నాడు నాన్న. "నేనే కాల్చానని చెప్తాను. నన్ను పట్టుకోమంటాను."

"నిన్ను పట్టుకుని నన్ను వదులుతారా? ఇద్దర్నీ పట్టుకుంటారు."

"ఇప్పుడెలా మరి?"

ఇర్మా బూట్లు చేతిలోకి తీసుకుంది. "పుస్తకంలో నంబరు ఉంది. షిమాంకె గారు రాసుకున్నారు."

నాన్న అడ్డంగా తల ఊపాడు. "వద్దు తల్లీ. ఆయనకి ఏమని చెప్తాం? మా ఇంట్లో పడమటి పత్రిక కాల్చాం అనా? నాకు నంబరు కావాలి అంటే, ఎందుకు అంటాడు. అదీ ఆ పుస్తకంలోనే రాస్తాడు."

"రాస్తే రాయనీ నాన్నా. నా పిల్ల అక్కడుంది."

ఆమె బూట్లు తొడుక్కుని కిందికి దిగింది. వెనకే నాన్న, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ.

షిమాంకె గారు మెడకి గుడ్డ కట్టుకుని ఒక్కడే సూపు తాగుతున్నాడు. ఇర్మా ఏదీ దాచకుండా చెప్పింది. బూటు, పత్రిక, పొయ్యి, పిల్లకి తట్టు, ఏడింటికి వెళ్ళాలన్నది, అన్నీ. నాన్న గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. షిమాంకె గారు చెంచా కింద పెట్టాడు.

"ప్రిల్‌విట్జ్ గారూ, పత్రిక మొత్తం కాలిందా?"

"మొత్తం కాలింది."

"ముక్క కూడా మిగల్లేదా?"

"లేదండీ."

"అయితే పత్రిక లేదు. లేనిదాన్ని నేనేం రాస్తాను? చీటీ ఉంది, దాని నంబరు ఉంది. తడిసిన బూటు ఆరబెడుతూ పెద్దాయన చూసుకోక చీటీ పొయ్యిలో వేశారు. అంతేనా?"

"అంతే," అంది ఇర్మా.

షిమాంకె గారు లేచి సూపు మీద మూత పెట్టి, కోటు తొడుక్కుని, బిళ్ళ సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాడు. పుస్తకాన్ని మైనపు గుడ్డలో చుట్టాడు.

"మీరు రావడమెందుకండీ, మీకు ఇబ్బంది," అన్నాడు నాన్న.

"ఇబ్బందే. ఈ పుస్తకం భవనం దాటకూడదు. పదేళ్ళలో ఎప్పుడూ దాటలేదు. అయితే నంబరు ఒక కాగితం మీద రాసిస్తే అది ఉత్త కాగితం. పుస్తకం అయితే పుస్తకం." నాన్న కూడా కోటు వెతుక్కోబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరొద్దు. మీ మొహం చూస్తే చెయ్యని తప్పులకి కూడా మిమ్మల్ని పట్టుకుంటారు. ఇంట్లో కూర్చోండి."

మెట్ల కింద నాన్న ఇర్మా చేతులు పట్టుకున్నాడు. ఏదో అనబోయి, "పిల్లకి నీళ్ళు బాగా తాగించు," అన్నాడు. ఇర్మా ఆయన గడ్డాన్ని చేత్తో తాకి వెళ్ళింది.

చెక్‌పోస్టు దగ్గర తిరిగి వెళ్ళేవాళ్ళ వరస వీధి మలుపు దాటింది. పొద్దున్న పూలు తెచ్చినవాళ్ళు ఇప్పుడు ఖాళీ చేతులతో, కొందరు నవ్వుతూ, చాలామంది నవ్వకుండా ఉన్నారు. షిమాంకె గారు ఇర్మాని వెంటబెట్టుకుని వరస పక్కగా నడిచి తిన్నగా ముందుకి వెళ్ళాడు. "వరస, తాతా, వరస," అని ఎవరో అరిచారు. "నేను వెళ్ళేవాణ్ణి కాను, ఉండేవాణ్ణి," అన్నాడాయన.

లోపల గదిలో లెఫ్టినెంట్‌కి ముప్పై అయిదేళ్ళుంటాయి. మాట సాగదీసే తీరు చూస్తే దక్షిణాన ఉండే సాక్సనీ ప్రాంతం వాడని తెలిసిపోతోంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. కథంతా విని, "పొయ్యిలో," అన్నాడు.

"పొయ్యిలో," అన్నాడు షిమాంకె గారు.

"ఇవాళ ఇది ఆరోది. ఒకావిడ చీటీ మేక తిందంది. బెర్లిన్‌లో మేక ఎక్కడుంది?"

"పొయ్యి మాత్రం ఉంది కామ్రేడ్ లెఫ్టినెంట్. ఇదిగో నంబరు. ఇదిగో ఆవిడ సంతకం. పొద్దున్న నా ముందు చేసింది."

లెఫ్టినెంట్ పుస్తకం పేజీ చూశాడు. అక్షరాలు అచ్చు వేసినట్టున్నాయి. "పుస్తకంలో నంబరుంటే సరిపోదు. మా దగ్గర చింపిన ముక్క కనపడాలి. కనపడితే ఆ నంబరు మీద ఇంకా ఎవరూ బయటికి వెళ్ళలేదని కూడా చూడాలి. అక్కడ అయిదు వేల ముక్కలున్నాయి. వెతకడానికి నా దగ్గర మనుషుల్లేరు. రేపు రండి."

షిమాంకె గారు గోడవార చెక్క పెట్టెలు చూశాడు. చింపిన ముక్కలు దారంతో కట్టలు కట్టి ఉన్నాయి, ఒక్కో కట్ట మీద గంట రాసి ఉంది.

"గంటల వారీగా కట్టారు. మంచి పద్ధతి. ఈవిడ ఏడు నలభైకి వచ్చారు. ఏడు ఎనిమిది మధ్య కట్ట ఇస్తే మీ కళ్ళముందే చూస్తాను. ముప్పై ఒక్కేళ్ళు ట్రాములో టికెట్లు లెక్కపెట్టాను. మీరు సిగరెట్టు తాగేలోగా అయిపోతుంది."

లెఫ్టినెంట్ ఆయన కోటు బిళ్ళ వైపు చూశాడు, కిటికీలోంచి వరస వైపు చూశాడు, కట్ట తీసి బల్ల మీద పడేశాడు. "సిగరెట్టు పొడుగ్గా తాగుతాలే."

షిమాంకె గారు బొటనవేలు తడిచేసుకుని మొదలుపెట్టాడు. చీటీలు ఆయన వేళ్ళ కింద నీళ్ళలా జారాయి. ఇర్మా నంబర్లు చూడబోయింది గానీ కంటికి అందలేదు. కట్ట అయిపోయింది. ఆయన చేతులు ఆగాయి.

"లేదు," అన్నాడు.

లెఫ్టినెంట్ సిగరెట్టు దులిపాడు. ఇర్మా బల్ల అంచు పట్టుకుంది. షిమాంకె గారు పుస్తకం వైపు చూసి, ఆమె వైపు తిరిగాడు.

"అమ్మా, ఏడు నలభై అన్నారు. అది మీరు వరసలో నిలబడ్డ టైమా, చీటీ చింపిన టైమా?"

ఇర్మా గుర్తుచేసుకుంది. చింపినప్పుడు గడియారం చూడలేదు. చూసింది వరస చివర చేరినప్పుడు. "నిలబడ్డ టైమండీ."

"తప్పు నాదే. అడగాల్సింది. వచ్చిన టైము అంటే లోపలికి వచ్చిన టైమని అనుకుని రాశాను." ఆ తప్పు ఆయన్ని చీటీ కంటే ఎక్కువ బాధపెట్టినట్టుంది. లెఫ్టినెంట్‌తో, "ఎనిమిదీ తొమ్మిదీ మధ్య కట్ట కూడా ఇప్పించాలి. ఇది పూర్తిగా నా పొరపాటు," అన్నాడు.

లెఫ్టినెంట్ రెండో కట్ట ఇచ్చాడు. సగం దాటాక షిమాంకె గారి బొటనవేలు ఒక చోట ఆగింది. ముక్క పైకి తీసి దీపం కింద పెట్టి, ఏడంకెలూ ఒక్కొక్కటీ పైకి చదివాడు. పక్కన పుస్తకంలో అంకెల మీద లెఫ్టినెంట్ వేలు నడిచింది. ఏడోది కూడా కలిసింది.

బయటికి వెళ్ళినవాళ్ళ ముక్కల్లో ఆ నంబరు లేదని చూడటానికి ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. ఆ వెతుకులాటకి లెఫ్టినెంట్ తనే కూర్చున్నాడు, షిమాంకె గారి పక్కన, ఆయనలాగే బొటనవేలు తడిచేసుకుని. ఆ తర్వాత ఒక కాగితం టైపు చేయించాడు. "చీటీ ప్రమాదవశాత్తూ కాలిపోయింది అని మీరు పూచీ రాయాలి. తర్వాత ఏ మాట వచ్చినా మిమ్మల్నే అడుగుతారు. పుస్తకం భవనం దాటించిన సంగతి కూడా. తెలుసుగా?"

"తెలుసు," అని షిమాంకె గారు సంతకం పెట్టి, కింద తేదీ, టైము వేశాడు. ఈసారి టైము గోడ గడియారం చూసి వేశాడు.

ఇర్మా చెయ్యి చాపింది. ఆయన చెయ్యి చల్లగా, గరుకుగా ఉంది.

"షిమాంకె గారూ, మిమ్మల్ని నేను..."

"వెళ్ళమ్మా. ఆరున్నరయింది. పిల్ల ఎదురుచూస్తుంది. తట్టు వచ్చినప్పుడు కిటికీకి ముదురు గుడ్డ కట్టండి, కళ్ళకి మంచిది."

ఆమె గేటు దాటి, రెండో గేటు దాటి, తన వైపు వీధి దీపాల కిందకి వచ్చాక గానీ వెనక్కి చూడలేదు. చూసినప్పుడు కిటికీలో ఆయన కనపడ్డాడు. విప్పిన కట్టల్ని వరస తప్పకుండా మళ్ళీ కడుతూ, దారం ముడి ఎలా వెయ్యాలో లెఫ్టినెంట్‌కి చూపిస్తున్నాడు. ఇర్మాకి నవ్వొచ్చింది. నవ్వుతోనే కళ్ళు తుడుచుకుని, పెద్ద బూట్లతో టపటపా చప్పుడు చేస్తూ పరిగెత్తింది.

ఇంట్లో జబీనా కళ్ళు సగం తెరిచి, "తాతకి గడ్డం ఉందా?" అంది.

"ఉంది. పొద్దున్న గీసుకున్నా సాయంత్రానికి వచ్చేస్తుంది."

"మళ్ళీ ఎప్పుడు వెళ్తాం?"

"ఈసారి నిన్ను కూడా తీసుకెళ్తాను." ఇర్మా పిల్ల నుదుటి మీద తడిగుడ్డ వేసి, పక్కనే మంచం అంచున ఒరిగింది. పిల్ల ఒళ్ళు వేడిగా ఉంది, ఊపిరి మాత్రం తేలిగ్గా వస్తోంది. ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారో తెలియకుండా ఇద్దరూ నిద్రపోయారు. క్లింపెల్ గారు దీపం తగ్గించి చప్పుడు లేకుండా వెళ్ళింది.

మార్చి నెలలో నాన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇంటి పుస్తకం ఇప్పుడు రెండో అంతస్తు ఆయన దగ్గరికి మారిందట. ఎందుకని ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. షిమాంకె గారు మాత్రం మోకాళ్ళ నెప్పికి మెట్లు ఎక్కే బాధ తప్పిందంటున్నాడట. శనివారాలు పైకి మాత్రం ఎక్కి వచ్చి చదరంగం ఆడుతున్నాడట. "మంచి ఆటగాడు కాదు," అని రాశాడు నాన్న. "ప్రతి ఎత్తూ కాగితం మీద రాసుకుని గానీ వెయ్యడు. పై అంతస్తు పిల్ల సీటు గురించి అడిగాను. ఆ పిల్ల కోసం రెండుసార్లు అర్జీ రాసింది ఆయనేనట. నేను ఇన్నాళ్ళూ వేరేలా విన్నాను."

ఆ కాలంలో రెండు పెద్ద దేశాలు ప్రపంచాన్ని పంచుకున్న కథ పుస్తకాల్లో ఉంది, సంతకాలు పెట్టిన పెద్దవాళ్ళ పేర్లూ ఉన్నాయి. కుర్ట్ షిమాంకె పేరు ఒక నల్ల అట్టల పుస్తకంలో, ఒక పూచీ కాగితం కింద తప్ప ఎక్కడా లేదు. అందుకే చదివినవారిని ఒకటి అడుగుతున్నాను. ఆయనకి తన పార్టీ మీద నమ్మకం ఉంది, రూలు మీద నమ్మకం ఉంది. ఆ సాయంత్రం మాత్రం అవతలి వైపు ఒక పిల్ల జ్వరంతో ఉందని విని, తాగుతున్న సూపు మీద మూత పెట్టి లేచాడు. ఆయన్ని గుర్తుపెట్టుకోండి.